పారితోషికమా, జీతమా?

మహిళల టెన్నిసులో ఎవరెవరు తమ ఆటజీవితం మొత్తం మీద ఎంతెంత ప్రైజు సొమ్ము సంపాదించారో వరుసగా చూపే పట్టిక ఒకటుంది. మహిళా టెన్నిస్ సంఘం, అంటే డబ్ల్యుటీఏ వారు, దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. పత్రికలవారు అప్పుడప్పుడు దాన్ని దించుకొని, పైనున్న పదిమంది బొమ్మలు వేసి, డాలర్లను రూపాయల్లోకి మార్చి, "అమ్మో, ఇంత డబ్బా!" అని పాఠకుడు నోరు తెరిచేట్లు ప్రచురిస్తుంటారు. ఆ పట్టికను చదవవలసిన తీరు అది కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో చెప్పడానికే ఈ టపా. తెలుగు పండితురాలికి టెన్నిసు గొడవ ఎందుకని మిత్రులు అనవచ్చు. ఇందులో ఒక మాట తగాదా ఉంది. మాట తగాదా ఉన్న చోట మావాళ్లు నోరు మూసుకొని కూర్చోలేరన్నది మీకు తెలిసిందే గదా.

ముందు పట్టిక సంగతి. అగ్రస్థానం సెరీనా విలియమ్స్‌ది. 2022లో ఆమె ఆట విరమించేనాటికి మొత్తం సుమారు 9 కోట్ల 48 లక్షల డాలర్లు. 23 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన మనిషి. ఆమె పైన ఉండడంలో వింతేమీ లేదు. 2025 చివరికి రెండవ స్థానానికి వచ్చిన అరీనా సబలెంకా ఆర్జన అందులో సగానికి కాస్త తక్కువ. ఇంతవరకు పట్టిక న్యాయంగానే కనిపిస్తుంది.

స్టెఫీ గ్రాఫ్ పేరు కోసం వెతికినప్పుడు తిరకాసు బయటపడుతుంది. 22 గ్రాండ్‌స్లాములు, 377 వారాల పాటు ప్రపంచ ప్రథమ స్థానం, 1988లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లాములూ ఒలింపిక్ స్వర్ణమూ. ఇంత చేసి 1999లో రాకెట్టు పక్కన పెట్టేనాటికి ఆమె మొత్తం ఆర్జన సుమారు 2 కోట్ల 19 లక్షల డాలర్లు. పోలండు క్రీడాకారిణి అగ్నియెష్కా రద్వాన్‌స్కా 2018లో విరమించింది. సింగిల్స్‌లో ఆమె ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా గెలవలేదు. 2012 వింబుల్డన్‌లో ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. ఆమె ఆర్జన 2 కోట్ల 76 లక్షల డాలర్లు దాటింది. రద్వాన్‌స్కాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అందరూ బలంతో బాదుతున్న కాలంలో నేర్పుతో బంతిని నడిపించింది, 2015లో ఏడాది చివరి పోటీని గెలుచుకున్నది. కాని ఆమె స్టెఫీ కంటే మేటి అని ఆమె కూడా అనదు.

ఇంకా వెనక్కి పోదాం. మార్గరెట్ కోర్ట్ 24 సింగిల్స్ గ్రాండ్‌స్లాములు గెలిచింది. స్త్రీలలో అంతకుమించి గెలిచినవారు లేరు. ఆమె జీవితకాలపు ప్రైజు సొమ్ము సుమారు ఐదున్నర లక్షల డాలర్లు. బిల్లీ జీన్ కింగ్‌కు 19 లక్షల 66 వేలు. క్రిస్ ఎవర్ట్ 1976లో, స్త్రీలలో మొదటిసారిగా, మొత్తం పది లక్షల డాలర్ల గీత దాటింది. ఆమె చివరి లెక్క 88 లక్షల 95 వేలు. ఇక ఆల్థియా గిబ్సన్ 1957లోనూ 1958లోనూ వింబుల్డన్ గెలిచింది, ఆ గెలుపు సాధించిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ గెలుపులకు ఆమెకు దక్కిన సొమ్ము సున్న.

కాబట్టి ఈ పట్టిక ఎవరు మేటి అన్నది చెప్పదు. ఏ కాలంలో స్త్రీ ఆటకు ఎంత వెల కట్టారో చెబుతుంది. నా మాట తగాదా ఇక్కడే మొదలవుతుంది.

ప్రైజు సొమ్మును మనం తెలుగులో ఏమంటున్నాం? బహుమతి అంటాం, బహుమానం అంటాం, పత్రికలవారు కాస్త గంభీరంగా పారితోషికం అంటారు. బహుమతి అంటే వ్యుత్పత్తి ప్రకారం అధికమైన మన్నన. ఇచ్చేవాడి మనసులో ఉన్న గౌరవం ఆ మాటకు మూలం. పారితోషికం పరితోషం నుంచి వచ్చింది: సంతోషించినవాడు ఇచ్చేది. మా పండితులకు సభల్లో ఇచ్చే సంభావన కూడా అటువంటిదే. ఈ మాటలన్నిటిలోను ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. ఇచ్చేవాడు సంతోషించకపోతే అడిగే హక్కు పుచ్చుకునేవాడికి లేదు. భృతి, వేతనం, జీతం వేరే కోవకు చెందినవి. ఇక్కడ పని ఉంది, పనికి వెల ఉంది, ఆ వెల దగ్గర బేరముంది. జీతానికి ప్రకృతి జీవితం అని ఎనిమిదో తరగతి పిల్లలకు వల్లె వేయించేదాన్ని. బతుకు నిలిపేది కనుక జీతం.

మహిళల టెన్నిసు చరిత్ర అంతా, నా దృష్టిలో, ఈ సొమ్మును మొదటి కోవ నుంచి రెండవ కోవలోకి మార్చడానికి జరిగిన పెనుగులాట.

1968 దాకా పెద్ద పోటీలన్నీ అమెచ్యూర్లవే. డబ్బు తీసుకుంటే ఆట మలినమవుతుందని సిద్ధాంతం. టిక్కెట్లమ్మి డబ్బు చేసుకున్న నిర్వాహకులకు మాత్రం ఆ మాలిన్యం అంటలేదు. ఫ్రాన్సు క్రీడాకారిణి సుజాన్ లాంగ్లెన్ ఆడుతున్నదంటే జనం పోటెత్తేవారు. వింబుల్డన్ 1922లో పాత మైదానం వదిలి ఇప్పటి పెద్ద ఆవరణకు మారడానికి ఆమె ఆటకు వచ్చే జనసందోహం కూడా ఒక కారణం. ఆమె 1926లో 50,000 డాలర్ల ఒప్పందం మీద అమెరికాలో ప్రొఫెషనల్‌గా పర్యటించడానికి వెళ్లింది. ఇన్నేళ్లూ తాను ఆడి ఇతరులకు సంపాదించి పెట్టానన్నది ఆమె వాదన. అటుపైన పెద్ద పోటీల తలుపులు ఆమెకు మూసుకుపోయాయి. ఆల్థియా గిబ్సన్ సంగతి ఇంకా బాధాకరం. రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన తరువాత బతుకుతెరువు కోసం హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు వెంట ఊళ్లు తిరిగి, వాళ్ల ఆటకు ముందు ప్రదర్శన మ్యాచులు ఆడింది. 1990లలో ఆమె రోగంతోను లేమితోను బాధపడుతుంటే, 1956లో ఆమెతో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచిన ఏంజెలా బక్స్‌టన్ లోకం మీద పడి విరాళాలు పోగుచేసింది. మన్నన ఎంత ఉన్నా మందులకు పనికిరాలేదు.

1968లో పోటీలు అందరికీ తెరుచుకున్నాయి. ఆ ఏడాది వింబుల్డన్‌లో రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు, బిల్లీ జీన్ కింగ్‌కు 750. 1970లో ఇటలీ పోటీలో ఇలీ నస్తాసేకు 3,500 డాలర్లు, అదే పోటీలో అదే కింగ్‌కు 600. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లో జాక్ క్రేమర్ నడిపే పోటీ ప్రకటన వచ్చింది. పురుష విజేతకు 12,500, స్త్రీ విజేతకు 1,500. స్త్రీలలో క్వార్టర్ ఫైనల్ చేరనివారికి అసలేమీ లేదు. జనం పురుషుల ఆటకే వస్తారు గదా అని సమాధానం. గమనించండి, ఇది పారితోషికం భాష. సంతోషించినవాడు ఇస్తాడు, మీ ఆట చూసి ఎవరూ సంతోషించడం లేదు.

తొమ్మిదిమంది ఒప్పుకోలేదు. బిల్లీ జీన్ కింగ్, రోజీ కసాల్స్, నాన్సీ రిచీ, జూలీ హెల్డ్‌మన్, క్రిస్టీ పిజన్, పీచెస్ బార్ట్‌కోవిజ్, వాలెరీ జీగెన్‌ఫస్, ఆస్ట్రేలియా నుంచి కెరీ మెల్విల్, జూడీ డాల్టన్. తొమ్మిది పేర్లూ కావాలనే రాశాను. ఒక్క కింగ్ పేరు చెప్పి తక్కినవారిని "తదితరులు" అనేయడం మనకు అలవాటైపోయింది. 'వరల్డ్ టెన్నిస్' పత్రిక నడిపిన గ్లాడిస్ హెల్డ్‌మన్ వీరిని కూడగట్టి 1970 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో వేరే పోటీ పెట్టింది. ఒక్కొక్కరు ఒక్క డాలరుకు ఆమెతో ఒప్పందం మీద సంతకం చేశారు. జాతీయ సంఘం నిషేధిస్తామని బెదిరించింది. ఆ పోటీ మొత్తం సొమ్ము 7,500 డాలర్లు, గెలిచిన కసాల్స్‌కు 1,600. అప్పట్లో డాలరు ఏడున్నర రూపాయలు. మీరే లెక్క వేసుకోండి.

ఆ డాలరు నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఒక్క డాలరు ఒప్పందం చట్టానికి నామమాత్రపు ప్రతిఫలం, అంతే. కాని ప్రతిఫలం అన్న మాటకు బహుమానం అన్న మాటకు ఉన్న దూరమంతా ఆ ఒక్క డాలరులో ఉంది. అది ఎవరి పరితోషమూ కాదు, గెలిచినందుకు ఇచ్చిందీ కాదు. ఆడతామని మాట ఇచ్చినందుకు చేతిలో పడిన వెల.

తరువాత కథ వడిగా సాగింది. 1971లో కింగ్ ఒక్క ఏడాదిలో లక్ష డాలర్లు దాటింది. స్త్రీలలో ఏ క్రీడాకారిణి కూడా అంతకుముందు దాటని గీత అది. అధ్యక్షుడు నిక్సన్ ఫోను చేసి అభినందించాడు. 1972 యూఎస్ ఓపెన్ గెలిచి ఆమె 10,000 డాలర్లు తీసుకుంటే, పురుష విజేత నస్తాసే 25,000 తీసుకున్నాడు. వచ్చే ఏడాదీ ఇలాగే ఉంటే తాను రానన్నది కింగ్. 1973లో ఒక సౌందర్యసాధనాల కంపెనీ తేడా సొమ్ము భరించడానికి ముందుకు రావడంతో ఇద్దరికీ చెరి 25,000 అయింది. దాన్ని అందుకున్నది కింగ్ కాదు, మార్గరెట్ కోర్ట్. పురుషులలో జాన్ న్యూకోంబ్. అదే ఏడాది జూన్‌లో లండన్‌లోని ఒక హోటలులో డబ్ల్యుటీఏ పుట్టింది.

వింబుల్డన్ వారు మాత్రం మరో 34 ఏళ్లు తీసుకున్నారు. ఇక్కడ కాస్త ఆగాలి. 2006లో రోజర్ ఫెడరర్‌కు 6,55,000 పౌండ్లు, అమెలీ మొరెస్మోకు 6,25,000. తేడా ముప్ఫై వేలు. వింబుల్డన్ వంటి సంస్థకు ముప్ఫై వేల పౌండ్లు ఒక లెక్కా? లేక కాదు, ఇవ్వడం ఇష్టంలేక. వందకు నాలుగైదు పౌండ్లు తగ్గించి ఇవ్వడంలో పొదుపు లేదు. నీ స్థానం ఇది అని గుర్తు చేయడం మాత్రమే ఉంది. వీనస్ విలియమ్స్ 2005లో గ్రాండ్‌స్లామ్ నిర్వాహకుల సమావేశానికి వెళ్లి, అందరినీ కళ్లు మూసుకోమని, మీకొక చిన్న కూతురున్నదనుకోండి అని అడిగిందట. మరుసటి ఏడాది లండన్ 'టైమ్స్'లో వ్యాసం రాసింది. 2007లో సొమ్ము సమానమైంది. ఆ ఏడాది గెలిచింది కూడా వీనసే. ఆమెకు, ఫెడరర్‌కు చెరి ఏడు లక్షల పౌండ్లు.

ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి "మగవాళ్లు ఐదు సెట్లు ఆడతారు, ఆడవాళ్లు మూడే గదా" అంటారు. ఈ టపాకూ ఆ వ్యాఖ్య వస్తుందని నాకు తెలుసు కనుక ముందుగానే జవాబు రాస్తున్నాను. హరికథ రాత్రంతా సాగుతుంది. అష్టావధానం మూడు గంటల్లో ముగుస్తుంది. గంటల లెక్కన సంభావన ఇవ్వాలంటే అవధానిగారు హరిదాసుగారి దగ్గర చేబదులు పుచ్చుకోవాలి. సరే, గంటల లెక్కే కావాలన్నా, మగవారు ఐదు సెట్లు ఆడేది ఏడాదిలో ఆ నాలుగు గ్రాండ్‌స్లాముల్లోనే. తక్కిన ప్రధాన పోటీలలో వారూ మూడే ఆడతారు. 2023లో రోమ్ పోటీ గెలిచిన మెద్వెదెవ్‌కు సుమారు 11 లక్షల యూరోలు. అక్కడే స్త్రీలలో గెలిచిన రిబాకినాకు సుమారు 5 లక్షల 20 వేలు. ఇద్దరివీ మూడు సెట్ల మ్యాచులే. ఐదు సెట్ల వాదన అక్కడ ఏ గోడ చాటున దాక్కుందో నాకు తెలియదు. ఇంకొకటి, స్త్రీలకు ఐదు సెట్లు ఆడడం రాదనుకునేవారికి: 1984 నుంచి 1998 దాకా ఏడాది చివరి పోటీ ఫైనల్ స్త్రీలు ఐదు సెట్ల పద్ధతిలోనే ఆడారు. 1990లో మోనికా సెలెస్, సబాటినీ పూర్తిగా ఐదు సెట్లూ ఆడారు.

గంటల వాదం నాకు కొత్త కాదు. నేను పనిచేసిన ఒక బడిలో లెక్కల ఉపాధ్యాయుడు చెప్పేది పదో తరగతికే, నేను చెప్పేదీ పదో తరగతికే. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతాడు, నేనూ దిద్దుతాను. తెలుగు పేపరులో వ్యాసాలుంటాయి కనుక నా కట్టకు పొద్దు ఎక్కువే పట్టేది. జీతాల స్కేలులో మాత్రం భాషా పండితులది ఒక మెట్టు కింద. ఎందుకని అడిగితే, "మాతృభాషే గదమ్మా, దానికేముంది" అని పై అధికారి ఒకాయన చిరునవ్వు నవ్వాడు. తేడా పెద్దదేమీ కాదు. వింబుల్డన్ వారి ముప్ఫై వేల పౌండ్ల గురించి చదివినప్పుడు నాకు ఆ చిరునవ్వు కనిపించింది.

ఇక అంకెలు ఎంత వేగంగా పెరిగాయో చూడాలి. 1973లో యూఎస్ ఓపెన్ విజేతకు 25,000 డాలర్లు. 2025లో సబలెంకాకు 50 లక్షలు. రెండువందల రెట్లు. ఈ మధ్యకాలంలో అమెరికాలో ధరలు పెరిగింది సుమారు ఏడు రెట్లు. అంటే మార్గరెట్ కోర్ట్ ఆనాడు అందుకున్నదాన్ని నేటి ధరల్లోకి మార్చితే సుమారు లక్షా 80 వేల డాలర్లు. 2025 యూఎస్ ఓపెన్‌లో మొదటి రౌండులోనే ఓడి ఇంటికి వెళ్లినవారికి లక్షా 10 వేలు ఇచ్చారు. 2021లో ఎమ్మా రదుకాను అనే పద్దెనిమిదేళ్ల పిల్ల క్వాలిఫయింగ్ పోటీల నుంచి వచ్చి యూఎస్ ఓపెన్ గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్లింది. బిల్లీ జీన్ కింగ్ జీవితకాలపు మొత్తం 19 లక్షల 66 వేలని పైన రాశాను. రదుకాను ఆ మ్యాచులన్నీ ఆడిన ఆవరణకు 2006 నుంచి ఉన్న పేరు బిల్లీ జీన్ కింగ్ జాతీయ టెన్నిస్ కేంద్రం.

ఇందులో రదుకాను తప్పేమీ లేదు. పాతవారికి అన్యాయం జరిగిందని కొత్తవారిని నిందించడం మన పెద్దవాళ్ల దురలవాటు. ధరలను సరిచూసుకోకుండా పట్టిక వేయడమే తప్పు.

పట్టిక చెప్పనివి ఇంకా ఉన్నాయి. అందులో ఉన్నది పోటీలలో గెలుచుకున్న సొమ్ము మాత్రమే, ప్రకటనల డబ్బు కాదు. ఫోర్బ్స్ పత్రిక లెక్కల ప్రకారం మరియా షరపోవా వరుసగా 11 ఏళ్లు లోకంలో అత్యధికంగా సంపాదించిన క్రీడాకారిణి. ఆటలో గెలిచిన సొమ్ము చూస్తే ఆమెది 3 కోట్ల 88 లక్షల డాలర్లు, సెరీనాకు సగమైనా లేదు. రాకెట్టుకు కట్టిన వెల వేరు, రూపానికీ రంగుకూ కట్టిన వెల వేరు. ఆ రెండో లెక్క మీద నాకు గౌరవం తక్కువ. మరొకటి, పట్టికలో కనిపించేది ఖర్చులు తీయకముందు మాట. శిక్షకుడు, వైద్య సహాయకుడు, విమానాలు, హోటళ్లు అన్నీ ఆ సొమ్ములోంచే. పరాయి దేశపు క్రీడాకారిణికి అమెరికాలో గెలిచిన దానిలో వందకు ముప్ఫై పన్ను కింద ముందే పట్టుకుంటారు. సెరీనాకు ఇది పట్టింపు కాకపోవచ్చు. రెండువందల స్థానంలో ఉన్న పిల్లకు ఇదే ప్రాణసంకటం.

మోనికా సెలెస్ పేరు ఎదురుగా 1 కోటి 48 లక్షల డాలర్లని ఉంటుంది. ఇరవై ఏళ్లు నిండకముందే ఎనిమిది గ్రాండ్‌స్లాములు గెలిచిన పిల్లను 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో, ఆట మధ్య కుర్చీలో కూర్చొని ఉండగా, స్టెఫీ మీద పిచ్చి అభిమానం గల ఒకడు వీపున కత్తితో పొడిచాడు. రెండేళ్లకు పైగా ఆమె ఆడలేదు. తిరిగి వచ్చాక ఇంకొక్క గ్రాండ్‌స్లామ్ మాత్రమే గెలిచింది. ఆ అంకెలో ఈ గాయం ఎక్కడా కనబడదు.

మాతృత్వం కూడా కనబడదు. సెరీనా 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచినప్పుడు కడుపుతో ఉంది. ఆ సెప్టెంబరులో బిడ్డ పుట్టింది. మరుసటి ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండింటిలోనూ ఫైనల్ దాకా వచ్చింది. ఆడని నెలలకు ఈ ఆటలో ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. డబ్ల్యుటీఏలో జీతంతో కూడిన ప్రసూతి సెలవు 2025 మార్చిలో వచ్చింది. గరిష్ఠంగా పన్నెండు నెలలు. మా బడులలో మాకు మూడు నెలల ప్రసూతి సెలవైనా 1980లలోనే ఉండేది. కోట్ల డాలర్ల ఆట ఈ ఒక్క విషయంలో పల్లెటూరి బడి కంటే వెనకబడి ఉండడం విచిత్రమే.

మన సానియా మీర్జా సంగతి ఇక్కడ రాయకపోతే హైదరాబాదు మిత్రులు నన్ను క్షమించరు. 2005లో హైదరాబాదులోనే జరిగిన డబ్ల్యుటీఏ పోటీలో ఆమె సింగిల్స్ గెలిచింది. భారతీయ స్త్రీ ఒకరు ఆ స్థాయి సింగిల్స్ గెలవడం అదే మొదలు. 2007లో సింగిల్స్‌లో 27వ స్థానం. మణికట్టు గాయాలు, శస్త్రచికిత్స, ఆపైన సింగిల్స్ వదిలి డబుల్స్. 2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం, మార్టినా హింగిస్‌తో మూడు గ్రాండ్‌స్లాములు, అంతకుముందు మిక్స్‌డ్ డబుల్స్‌లో మరో మూడు. 2018లో కొడుకు పుట్టాక 2020 జనవరిలో తిరిగి వచ్చి, వచ్చిన మొదటి పోటీలోనే హోబార్ట్‌లో డబుల్స్ గెలిచింది. 2023లో విరమించేనాటికి ఆమె మొత్తం 70 లక్షల డాలర్లు దాటింది. అంటే మార్గరెట్ కోర్ట్‌కు పన్నెండింతలకు పైన. సానియా కోర్ట్‌కు పన్నెండింతల క్రీడాకారిణి అని ఎవరూ అనరు గదా. కాని మన పత్రికలు ఆమె గురించి రాసినప్పుడు ఆట తక్కువ, లంగా పొడవు ఎక్కువ; ఆపైన పెళ్లి, ఆపైన ఆస్తి. ఏళ్ల తరబడి దేశాలు పట్టుకు తిరిగి ఆడిన పనికి వచ్చిన వెల అది అని ఎవరూ రాయగా నేను చూడలేదు.

సొమ్ము ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్న కూడా ఉంది. దాన్ని తప్పించుకోవడం నిజాయితీ కాదు. 1970లో ఆదుకున్నది వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్టు. ఊపిరితో ఆడే ఆటకు పొగాకు పోషణ! 2019లో ఏడాది చివరి పోటీ చైనాలోని షెన్‌జెన్‌లో జరిగింది. గెలిచిన ఆష్ బార్టీకి 44 లక్షల 20 వేల డాలర్లు. స్త్రీలలోనే కాదు, పురుషులలో కూడా అప్పటికి ఎవరూ ఒక్క పోటీలో అంత గెలవలేదు. 2021లో చైనా క్రీడాకారిణి పెంగ్ షువాయ్ ఒక మాజీ ఉన్నత నాయకుడి మీద ఆరోపణ చేసి, లోకానికి కనబడకుండా పోయింది. డబ్ల్యుటీఏ ఆ డిసెంబరులో చైనా పోటీలన్నీ నిలిపివేసింది. షెన్‌జెన్‌లో మొత్తం కోటీ 40 లక్షలున్న ఏడాది చివరి పోటీ సొమ్ము 2022లో అమెరికాలో 50 లక్షలే. డబ్బు పోతుందని తెలిసి తీసుకున్న నిర్ణయం. దానికి నేను చేతులెత్తి నమస్కరించాను. 2023లో తిరిగి చైనాకు వెళ్లారు. 2024 నుంచి ఏడాది చివరి పోటీ సౌదీ అరేబియా రాజధాని రియాద్‌కు చేరింది. స్త్రీల హక్కుల విషయంలో ఆ దేశపు తీరు చూపి ఎవర్ట్, నవ్రతిలోవా బహిరంగంగా వ్యతిరేకించారు. 2025లో అక్కడ ఒక్క మ్యాచూ ఓడకుండా గెలిచిన రిబాకినాకు 52 లక్షల 35 వేల డాలర్లు దక్కింది. పైన చెప్పిన ప్రసూతి సెలవు డబ్బు కూడా సౌదీ నిధి వారిదే. పుచ్చుకున్న క్రీడాకారిణులను నేను తప్పు పట్టను. పని చేశారు, వెల తీసుకున్నారు. కాని ఇచ్చే చేయి ఎవరిదో మరిచిపోతే సొమ్ము మళ్లీ పారితోషికం కోవలోకి జారిపోతుంది. ఎవరి సంతోషం కోసం ఆడుతున్నామన్న ప్రశ్న మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

అందుకే 2025లో వచ్చిన ఒక వార్త నాకు రియాద్ అంకెల కంటే ముఖ్యంగా తోచింది. అగ్రశ్రేణి స్త్రీలూ పురుషులూ కలిసి నాలుగు గ్రాండ్‌స్లాముల నిర్వాహకులకు లేఖ రాశారు. ప్రైజు పెంచండి అని మాత్రమే కాదు, మీ ఆదాయంలో మా వాటా ఇంత శాతం ఉండాలని అడిగారు. ఆటగాళ్ల సంఘం ఒకటి అదే ఏడాది మార్చిలో కోర్టుకు కూడా వెళ్లింది. ఏమవుతుందో చూడాలి. వాటా అడగడం జీతగాళ్లు మాట్లాడే భాష, పాలివాళ్లు మాట్లాడే భాష. బహుమతి పుచ్చుకునేవాళ్లు అలా అడగరు.

గ్రాండ్‌స్లాములు సమానమయ్యాయి గాని, తక్కిన పోటీలు ఇంకా కాలేదు. 2023లో డబ్ల్యుటీఏ ఒక గడువు ప్రకటించింది. స్త్రీ పురుషులు ఒకే చోట ఆడే పెద్ద పోటీలలో సమానత్వం 2027కు, విడివిడిగా ఆడే పోటీలలో 2033కు. హ్యూస్టన్‌లో ఆ తొమ్మిదిమంది ఒక్క డాలరుకు సంతకం చేసిన నాటి నుంచి లెక్కిస్తే అరవైమూడేళ్లు.